వర్డ్ ప్రాబ్లమ్ కనబడగానే "కూడాలా, తీసెయ్యాలా?" అని అడుగుతోంది

వెన్నెలమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి రెండో తరగతి. ఉత్త అంకెలు ఇస్తే 14 - 6 గానీ, 27 + 15 గానీ తడుముకోకుండా చేసేస్తుంది. అదే లెక్కని నాలుగు వాక్యాల్లో రాసి ఇస్తే, చదవడం పూర్తికాకముందే తలెత్తి "అమ్మా, కూడాలా, తీసెయ్యాలా?" అంటుంది. కూడమంటే కూడుతుంది, తీసెయ్యమంటే తీసేస్తుంది, రెండూ తప్పు లేకుండానే చేస్తుంది. నేనేమీ చెప్పకుండా ఊరుకుంటే నా ముఖం చూసి ఊహించబోతుంది.

నిన్నటి హోంవర్క్‌లో లెక్క ఇది: "రాజు దగ్గర 5 పెన్సిళ్లు ఉన్నాయి. వాళ్ల అక్క ఇంకొన్ని ఇచ్చింది. ఇప్పుడు రాజు దగ్గర 12 పెన్సిళ్లు ఉన్నాయి. అక్క ఎన్ని ఇచ్చింది?" తను 17 అని రాసింది. ఎందుకని అడిగితే "ఇచ్చింది అని ఉంది కదమ్మా, అంటే ప్లస్సే" అంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. తనకీ టెన్షన్, నాకూ టెన్షన్. ఏ లెక్కకి ఏం చేయాలో గుర్తుపట్టడం ఎలా నేర్పాలి?

నిఖిల్ నాన్న

మా వాడికీ ఇదే సమస్య ఉండేదండీ. ఒక చార్ట్ రాసి గోడకి అంటించాను. "మొత్తం, కలిపి, అన్నీ, ఇంకా వచ్చాయి, ఎక్కువ" అంటే కూడిక. "మిగిలినవి, పోయాయి, ఎగిరిపోయాయి, తేడా" అంటే తీసివేత. ప్రశ్నలో ఆ మాట ఎక్కడుందో వెతికి కింద గీత గీయమన్నాను. మార్కులు వెంటనే పెరిగాయి, వాడికి ధైర్యమూ వచ్చింది. మీరూ ప్రయత్నించండి.

పలకాబలపం

వెన్నెలమ్మ గారూ, నేను ఒకటి, రెండు తరగతులకి చెప్తాను. మీ పాపకి కూడిక, తీసివేత వచ్చు. రానిది లెక్క కాదు, లెక్కలో జరిగిన సంగతిని కళ్లముందు చూడటం. "ఏం చేయాలి?" అన్న ప్రశ్న దగ్గరికి తను మరీ తొందరగా వెళ్లిపోతోంది. "ఏం జరిగింది?" అన్న ప్రశ్న మధ్యలో జారిపోయింది. కాబట్టి కొన్నాళ్లు ఇంట్లో ప్లస్సు, మైనస్సు అనే మాటలే ఎత్తకండి.

నేను చేసేది చెప్తాను. లెక్కని అంకెలు లేకుండా కథలా చదువుతాను. "రాజు దగ్గర కొన్ని పెన్సిళ్లు ఉన్నాయి. వాళ్ల అక్క ఇంకొన్ని ఇచ్చింది." అక్కడ ఆపి అడుగుతాను: ఇప్పుడు రాజు దగ్గర మొదటికన్నా ఎక్కువ ఉంటాయా, తక్కువా? పిల్లలు అరిచి మరీ చెప్తారు, ఎక్కువని. మనకి ఏం తెలియదు? అక్క ఇచ్చినవి. అవి రాజు దగ్గర చివరికి ఉన్న పెన్సిళ్లకన్నా ఎక్కువ ఉండొచ్చా? ఉండకూడదు, అవి వాటిలోవే కదా. ఇంత మాట్లాడుకున్నాక అంకెలు బయటపెడితే 17 అని చెప్పే పిల్లలు చాలా తగ్గిపోతారు. 12లో కలిసి ఉన్నవి 17 ఎలా అవుతాయని వాళ్లకే తోస్తుంది.

తర్వాత నిజం పెన్సిళ్లు పట్టుకుని ఆడించండి. మీరు అక్క, తను రాజు. పెన్సిళ్లు చాలకపోతే గుండీలు, గులకరాళ్లు, ఏవైనా సరే. తను చేత్తో కదిలించాలి, మీరు కదిలించకూడదు.

ఇంకో మాట. తను మీ ముఖం చూసి ఊహిస్తోందంటే, సరైన జవాబుకి మీ ముఖం ఒకలా, తప్పు జవాబుకి ఇంకోలా మారుతోందన్నమాట. జవాబు ఏదైనా "అదెలా తెలిసింది? చేసి చూపించు" అనే అడగండి. సరైన జవాబుకి కూడా అడగాలి. తప్పు చేసినప్పుడే "ఎలా?" అని అడిగితే, ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు.

లెక్కల మాస్టారు

నిఖిల్ నాన్న గారికి నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ చార్టు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, తప్పుగా అనుకోకండి. ఈ మూడు లెక్కలు మీ అబ్బాయికి ఇచ్చి చూడండి.

"లత దగ్గర మొత్తం 12 పూసలు ఉన్నాయి. వాటిలో 7 ఎర్రవి. తక్కినవన్నీ నీలం. నీలం పూసలు ఎన్ని?" ఇందులో "మొత్తం" ఉంది, "అన్నీ" కూడా ఉంది.

"రవి తన గోళీల్లో 5 తమ్ముడికి ఇచ్చేశాడు. ఇంకా 8 మిగిలాయి. మొదట ఎన్ని గోళీలు ఉండేవి?" ఇక్కడ "ఇచ్చేశాడు", "మిగిలాయి". కానీ చేయాల్సింది కూడిక.

"గీత దగ్గర 9 పుస్తకాలు ఉన్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికంటే 3 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" ఇక్కడ "ఎక్కువ" అన్న మాట చూసి కూడేస్తే జవాబు తప్పు.

చార్టు నమ్ముకున్న పిల్లవాడు మూడింట్లోనూ తప్పుదారి పడతాడు. కథ వినకుండా ఒక్క మాట కోసం వెతకడం, రోగి చెప్పేది వినకుండానే మందు చీటీ రాసినట్టు ఉంటుంది. చిన్న తరగతుల పుస్తకాల్లో లెక్కలు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి చార్టు అక్కడ పనిచేసినట్టు కనబడుతుంది. పై తరగతుల్లో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయి ఉండేదో చూశాను. అప్పుడు మాన్పించడం చాలా కష్టం.

నిఖిల్ నాన్న

మాస్టారూ, మీ మూడు లెక్కలూ వాడికి ఇచ్చాను. మొదటిది సరిగ్గా చేశాడు. మిగతా రెండూ మీరు చెప్పినట్టే తప్పు చేశాడు. ఒప్పుకుంటాను. కానీ ఏ ఆధారమూ లేకుండా పిల్లవాణ్ని వదిలేస్తే భయపడి అసలు మొదలే పెట్టడు కదా? మాటల మీద దృష్టి పెట్టడం పూర్తిగా తప్పంటారా?

అంకెలతోట

మాటల మీద దృష్టి పెట్టడం తప్పు కాదండీ, అవసరం. ఒక్క మాట పట్టుకుని మిగతా వాక్యాన్ని వదిలేయడమే చిక్కు. నేను టీచర్ల శిక్షణలో పనిచేస్తాను, కాబట్టి తెలిసినంత చెప్తాను.

మాస్టారు ఇచ్చిన మూడో లెక్క లాంటివాటి మీద లూయిస్, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు పరీక్షించింది చిన్నపిల్లల్ని కాదు, కాలేజీ విద్యార్థుల్ని. "ఎక్కువ" అన్న మాట ఉండి తీసివేయాల్సి వచ్చినప్పుడు, "తక్కువ" అని ఉండి కూడాల్సి వచ్చినప్పుడు, వాళ్లు కూడా తలకిందులుగా చేసిన సందర్భాలు ఎక్కువయ్యాయి. పెద్దవాళ్లే జారుతున్న చోట రెండో తరగతి పిల్లని ఒంటరిగా నిలబెట్టి "సరిగ్గా చదవలేదు" అనడం న్యాయం కాదు.

ఇక ఆధారం ఏమిటని అడిగారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో థామస్ కార్పెంటర్, ఎలిజబెత్ ఫెన్నెమా, వాళ్ల సహచరులు 1980ల నుంచి ఈ పద సమస్యల మీదే పనిచేశారు. బడిలో ఎవరూ పద్ధతి నేర్పకముందే పిల్లలు కథలో జరిగినది జరిగినట్టు వస్తువులతో చేసి జవాబు తెచ్చుకోగలరని వాళ్లు చూపించారు. అంటే ఆధారం పిల్లల దగ్గరే ఉంది. మనం సంకేతాలు రాయమని తొందరపెట్టి దాన్ని పక్కకి నెట్టేస్తున్నాం.

వాళ్ల వర్గీకరణ టీచర్లకి చాలా ఉపయోగం. కూడిక, తీసివేత కథలన్నీ నాలుగు రకాలు: వచ్చి కలిసేవి, విడిపోయి వెళ్లేవి, ఏ కదలికా లేకుండా భాగాలూ మొత్తమూ ఉండేవి, రెండింటిని పోల్చేవి. వీటిలో తెలియనిది ఎక్కడుందో దాన్ని బట్టి మొత్తం 11 రకాలు అవుతాయి. పిల్లలకి ఈ పేర్లేవీ చెప్పక్కర్లేదు. మనం లెక్కలు ఎంచుకునేటప్పుడు తెలిస్తే చాలు.

చూడండి, ఒక్క పిట్టల కథతోనే ఎంత తేడా వస్తుందో. "కొమ్మ మీద 5 పిట్టలు ఉన్నాయి, 8 వచ్చి వాలాయి, ఇప్పుడెన్ని?" ఇది అందరికీ వస్తుంది. 5 రాళ్లు పెట్టి, 8 పెట్టి, అన్నీ లెక్కపెడితే సరి. "5 ఉన్నాయి, కొన్ని వచ్చి వాలాయి, 13 అయ్యాయి, వచ్చినవెన్ని?" కాస్త కష్టం. మొదట పెట్టిన 5నీ, తర్వాత చేర్చినవాటినీ విడివిడిగా ఉంచుకోవాలి, లేకపోతే కలిసిపోతాయి. వెన్నెలమ్మ గారి పాప తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. "కొమ్మ మీద కొన్ని పిట్టలు ఉన్నాయి, 8 వచ్చి వాలాయి, 13 అయ్యాయి, ముందు ఎన్ని ఉండేవి?" ఇది అన్నిటికన్నా కష్టం. కథ మొదటి వాక్యంలోనే "కొన్ని" అంది. ఎన్ని రాళ్లు పెట్టాలో తెలియదు. చేయి కదలదు. పెద్దవాళ్లకి చివరి రెండూ 13 నుంచి తీసివేసేవే కాబట్టి ఒకేలా కనబడతాయి. పిల్లలకి అవి వేరే లెక్కలు.

అందుకే ఒక పిల్ల "పద సమస్యలు రావు" అంటే నేను ఏ రకం అని అడుగుతాను.

చిన్నక్క

ఇది చదివాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. ట్యూషన్ పిల్లల్లో మొదటిరకం చకచకా చేసి, "ముందు ఎన్ని ఉండేవి" అనగానే బిగుసుకుపోయేవాళ్లే ఎక్కువ.

నేను ఒక గిన్నె బోర్లించి పెడతాను. "ముందు ఉన్నవి దీని కింద దాక్కున్నాయి, ఎన్నో మనకి తెలియదు" అంటాను. పక్కన 8 గుండీలు పెడతాను. గిన్నె కిందవీ, బయటవీ కలిపి 13 అని చెప్తాను. చేయి కదలకపోవడమనే ఇబ్బంది అక్కడితో పోతుంది, ఎందుకంటే తెలియనిదానికి కూడా ఒక చోటు దొరికింది. కొందరు వెనక్కి నడిపిస్తారు: "వచ్చిన పిట్టలు మళ్లీ ఎగిరిపోయాయనుకో, ఏమవుతుంది?" అదీ బాగుంటుంది.

వెన్నెలమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండీ. పలకాబలపం గారు చెప్పినట్టు పెన్సిళ్లతో ఆడించాను. 5 పెట్టమన్నాను, పెట్టింది. "అక్క ఇంకొన్ని ఇచ్చింది, 12 అయ్యాయి" అన్నాను. వెంటనే ఇంకో 12 పెన్సిళ్లు తీసి పక్కన పెట్టింది! 17 ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. "12 అయ్యాయి" అంటే "12 వచ్చాయి" అనుకుంటోంది. దీన్ని ఎలా సరిచేయాలి? "కాదు, తప్పు" అని నేనే తీసేస్తే మళ్లీ నా మీద ఆధారపడుతుందేమో.

పలకాబలపం

మీరు చూసింది బంగారం లాంటి సంగతండీ. కాగితం మీద 17 ఒక్కటే కనబడుతుంది, పెన్సిళ్లతో చేస్తే ఎక్కడ పక్కకి వెళ్లిందో తెలిసింది.

ఆ పెన్సిళ్లు తీయకండి. "రాజు దగ్గర ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అనండి. తను 17 అంటుంది. అప్పుడు కథలో చివరి వాక్యం మళ్లీ చదివించండి. "ఇప్పుడు రాజు దగ్గర 12 పెన్సిళ్లు ఉన్నాయి." మీరేమీ అనకండి, ఆగండి. తనే "అయ్యో, ఎక్కువైపోయాయి" అంటుంది. అనకపోతే మరోసారి చదివించండి. తప్పని చెప్పాల్సింది కథ, అమ్మ కాదు.

తర్వాత 5 పెన్సిళ్లు ఒక రంగు కాగితం మీద పెట్టించండి. ఇచ్చినవి ఇంకో రంగు కాగితం మీద ఒక్కొక్కటే పెడుతూ "ఆరు, ఏడు, ఎనిమిది..." అని పైకి లెక్కపెట్టించండి. పన్నెండు అనగానే ఆగాలి. అప్పుడు రెండో కాగితం మీద ఉన్నవి లెక్కపెడితే 7. కొద్ది రోజుల్లో కాగితాలు అక్కర్లేకుండా వేళ్ల మీద చేస్తుంది. "అయిదు" మనసులో పెట్టుకుని ఆరు నుంచి వేళ్లు ముడవడం చాలా పెద్ద అడుగు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకుండా 5 తర్వాత నుంచి లెక్కపెట్టడం కొందరికి చాలా ఆలస్యంగా వస్తుంది. వేళ్లు వాడితే మాత్రం దయచేసి కోప్పడకండి.

నిఖిల్ నాన్న

వేళ్లు వాడొద్దని మా వాడి స్కూల్లో చెప్తున్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. వాడు ఇలాంటి లెక్కకి 5 + 7 = 12 అని రాసి 7 చుట్టూ గుండ్రంగా గీశాడు. జవాబు సరైనదే. కానీ "12 - 5 = 7 అని రాయాలి" అని మార్కు తగ్గించారు. వాడు చేసింది తప్పా?

లెక్కల మాస్టారు

తప్పు కాదు. తప్పు కానే కాదు. వాడు కథ ఎలా నడిచిందో అలాగే రాశాడు. ముందు ఖాళీ గడి పెట్టి 5 + □ = 12 అని రాయడం నేర్పితే ఇంకా బాగుంటుంది. అది కథ చెప్పే వాక్యం. 12 - 5 = 7 అనేది జవాబు కోసం చేసిన పని. రెండూ ఒకటే సంబంధాన్ని చెప్తాయి, ఆ సంగతి పిల్లవాడికి తెలియడమే లెక్కలో అసలు సారం.

ఈ ఖాళీ గడిని తేలిగ్గా తీసుకోకండి. తర్వాత ఆ గడి స్థానంలో ఒక అక్షరం వస్తుంది, దాన్ని బీజగణితం అంటాం. రెండో తరగతిలో గడితో సరిగ్గా పరిచయమైన పిల్లలకి ఏడో తరగతిలో సమీకరణం చూస్తే భయం వేయదు.

మార్కు విషయం టీచరు గారిని మర్యాదగా అడగండి. "వాడు ఎలా ఆలోచించాడో చెప్తాడు, ఒకసారి వినండి" అనండి చాలు.

కొత్తటీచర్

నేను ఈ సంవత్సరమే చేరాను, రెండో తరగతి ఇచ్చారు. పోల్చే లెక్కల దగ్గర క్లాసు మొత్తం ఆగిపోయింది. "రవి దగ్గర 8 గోళీలు, రాము దగ్గర 5. రవి దగ్గర రాముకంటే ఎన్ని ఎక్కువ?" అని అడిగితే సగం మంది "8" అంటారు, కొందరు "13" అంటారు. బోర్డు మీద 8 - 5 అని చాలాసార్లు చేసి చూపించాను. మర్నాడు మళ్లీ అదే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అంకెలతోట

మేడం, మీ పిల్లలు "8" అనడంలో తర్కం ఉంది. "ఎవరి దగ్గర ఎక్కువ? ఎన్ని?" అన్న ప్రశ్నకి వాళ్లు జవాబు చెప్తున్నారు. రవి దగ్గర ఎక్కువ, 8. "ఎన్ని ఎక్కువ" అంటే రెండింటి మధ్య ఉన్న ఖాళీ అని వాళ్లకి ఇంకా తెలియదు. పైగా ఆ 3 గోళీలు ఎక్కడా విడిగా లేవు. ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, ఏవీ పోలేదు. కథలో ఏమీ జరగని చోట 8 నుంచి 5 ఎందుకు తీసివేయాలి? రాము గోళీలు రవి గోళీల్లోవి కావు కదా.

దీనిమీద హడ్సన్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. పిల్లలకి కొన్ని పక్షులు, కొన్ని పురుగులు ఉన్న బొమ్మ చూపించాడు. "పురుగులకంటే పక్షులు ఎన్ని ఎక్కువ?" అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మంది చెప్పగలిగారు. అదే బొమ్మకి "ఒక్కో పక్షీ ఒక్కో పురుగుని పట్టుకోబోతే ఎన్ని పక్షులకి పురుగు దొరకదు?" అని అడిగితే 100 శాతం మంది చెప్పారు. ఇంకా చిన్నపిల్లల్లో, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాది పిల్లల్లో, తేడా ఇంకా పెద్దది: మొదటి ప్రశ్నకి 25 శాతం, రెండోదానికి 96 శాతం. బొమ్మ అదే, అంకెలు అవే, ప్రశ్న అడిగిన తీరు మాత్రమే మారింది.

కాబట్టి రెండు వరుసలు పెట్టండి. రవివి పైన, రామువి కింద, ఒకదాని కింద ఒకటి సరిగ్గా వచ్చేలా. జతలు కట్టించండి. "జత దొరకనివి ఎన్ని?" అని అడగండి. కొన్ని రోజులు ఇదే ప్రశ్న. తర్వాత "రాము దగ్గర కూడా రవి దగ్గర ఉన్నన్ని ఉండాలంటే ఇంకా ఎన్ని కావాలి?" అని అడగండి. ఆ రెండూ నోటికి అలవాటయ్యాక "ఎన్ని ఎక్కువ" అన్న మాటని ఆ జత లేనివాటి పక్కన పెట్టండి. 8 - 5 ఎందుకో కూడా అప్పుడే కనబడుతుంది: 8లో జత దొరికినవి 5, వాటిని పక్కన పెట్టేస్తున్నాం.

పలకాబలపం

ఒకటి కలుపుతాను. "కంటే" ఉన్న వాక్యం రాగానే నేను అంకెల జోలికి వెళ్లను. ముందు "ఎవరి దగ్గర ఎక్కువ?" అని మాత్రం అడిగి ఆ పేరు చుట్టూ గుండ్రంగా గీయిస్తాను. మాస్టారు ఇచ్చిన గీత, సీత లెక్కలో "గీత దగ్గరున్నవి సీత దగ్గర ఉన్నవాటికంటే ఎక్కువ" అని తేలిపోతే, సీతకి 12 అని ఎవరూ రాయరు. సీతవి 9కంటే తక్కువే ఉండాలని ముందే తెలుసు కదా.

కొత్తటీచర్

చాలా చాలా థాంక్స్. రేపే మొదలుపెడతాను. బార్, అంటే అంకెకి బదులు పొడవాటి పెట్టె, గీసి చేయించమని సీనియర్ మేడం ఒకరు చెప్పారు. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

చిన్నక్క

బార్ మంచిదే, సింగపూర్‌లో 1980ల నుంచి వాడుతున్నారు. కానీ నా అనుభవంలో ఆరేడేళ్ల పిల్లలకి నేరుగా బార్ ఇస్తే అదీ ఇంకో గుర్తులాగే మిగిలిపోతుంది. పొడవు గీత 8 గోళీలని ఎలా చెప్తుందో వాళ్లకి అందదు. నిజం వస్తువులు, తర్వాత వస్తువుకొక చుక్క, తర్వాత చుక్కల వరస చుట్టూ ఒక పెట్టె, చివరికి చుక్కలు తీసేసి ఖాళీ పెట్టె, అందులో 8 అన్న అంకె. ఈ క్రమంలో వస్తే ఆ ఖాళీ పెట్టెలో చుక్కలు వాళ్లకి కనబడుతూనే ఉంటాయి. పోల్చే లెక్కలకి రెండు పెట్టెలు ఒకదాని కింద ఒకటి గీసినప్పుడు ఎడమ అంచులు కలవాలి, లేకపోతే తేడా కనబడదు. పిల్లలు ఇది తరచూ మర్చిపోతారు.

పెన్సిళ్ల బొమ్మకి రబ్బరు, మొన, గీతలు అన్నీ వేస్తూ కూర్చునే పిల్లలుంటారు. చుక్క చాలని చెప్పాలి, బొమ్మ అందం మీద సమయం పోకూడదు.

లెక్కల మాస్టారు

ఒక పరీక్ష చెప్తాను, క్లాసులో చేసి చూడండి. "ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలోని ఒక పరిశోధక బృందం 1980 ప్రాంతంలో దీన్ని ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి ఇచ్చింది. 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలతో ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. 26, 10 కూడి 36 అన్నట్టు. వాళ్లకి తెలివి లేక కాదు. లెక్క అంటే ఉన్న అంకెలతో ఏదో చేయడమే అని బడి వాళ్లకి నేర్పింది.

నిఖిల్ నాన్న

అది పిల్లల్ని మోసం చేసినట్టు కాదా మాస్టారూ? పెద్దవాళ్లు ఇచ్చిన లెక్కకి జవాబు ఉంటుందని నమ్మారు, అంతే.

లెక్కల మాస్టారు

మీ మాటలో నిజముంది. అందుకే దాన్ని మార్కుల పరీక్షగా ఇవ్వకూడదు. ముందే చెప్పి ఇవ్వాలి: "ఈ రోజు ఇచ్చే లెక్కల్లో కొన్నింటికి జవాబు చెప్పలేం. ఏవో మీరే పట్టుకోండి, ఎందుకో చెప్పండి." అప్పుడది మోసం కాదు, ఆట. "గంప లోంచి 4 బంతులు తీశారు, ఎన్ని మిగిలాయి?" అని ఇవ్వండి. "మొదట ఎన్ని ఉన్నాయో చెప్పలేదు" అన్న పిల్లకి ఆ లెక్క పూర్తిగా అర్థమైనట్టే. అవసరం లేని అంకె ఉన్న లెక్కలు కూడా కలపండి: "3 గంపల్లో ఎర్ర గంపలో 6 బంతులు, పచ్చ గంపలో 7 బంతులు, మూడోది ఖాళీ. బంతులెన్ని?"

సూరి

ఆలస్యంగా చూశాను. మా బాబుది వేరే ఇబ్బంది. కథ నేను చదివి వినిపిస్తే జవాబు నోటితో చెప్పేస్తాడు. తనే చదువుకుంటే మొత్తం గందరగోళం. పైగా బడిలో పాఠం ఒక భాషలో, ఇంట్లో మాట్లాడేది ఇంకో భాష. ఇది లెక్కల సమస్యా, చదవడం సమస్యా?

అంకెలతోట

మీరే కనిపెట్టేశారు సూరి గారూ, మీ బాబుకి లెక్క బాగానే వచ్చు. అక్షరాలు కూడబలుక్కుంటూ చివరికి వచ్చేసరికి మొదటి వాక్యం మర్చిపోతున్నాడు. ఈ రెండు పనుల్నీ కొంతకాలం విడదీయండి. లెక్కల సమయంలో మీరే చదివి వినిపించండి, ఎన్నిసార్లయినా. చదవడం వేరే సమయంలో సాధన చేయించండి.

భాష విషయంలో, లెక్క బడి భాషలో చదివాక "ఇప్పుడు నాకు మన భాషలో కథలా చెప్పు" అనండి. వాడు చెప్పే కథలో ఎవరు ఎవరికి ఇచ్చారన్నది తారుమారైతే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. "రవికి ఇచ్చాడు", "రవి ఇచ్చాడు" మధ్య తేడా ఒక్క అక్షరమే, లెక్క మాత్రం తలకిందులవుతుంది. ఏ భాషలోనైనా ఇలాంటి చిన్న ముక్కలనే పిల్లలు మింగేస్తారు.

పలకాబలపం

అంకెలు పెద్దవైనా కథ ఇలాగే మరుగున పడిపోతుంది. "342 మంది ఎక్కారు, 168 మంది దిగారు" అనగానే పిల్లల బుర్ర అంతా అప్పు తీసుకోవడం మీదకి పోతుంది, కథ వదిలేస్తారు. అదే లెక్కని 9, 4తో చెప్పించి, ఏం చేశావో గుర్తుంచుకుని ఇప్పుడు పెద్ద అంకెలతో చెయ్యమంటే దారి దొరుకుతుంది. పై తరగతుల్లోనూ పనికొచ్చే అలవాటు ఇది.

చిన్నక్క

పిల్లల చేతే లెక్కలు తయారు చేయించమని ఎవరూ చెప్పలేదేంటి? నేను 9 - 4 అని రాసిచ్చి కథ చెప్పమంటాను. మొదట అందరూ ఎగిరిపోయిన పిట్టలు, పగిలిపోయిన బుడగలే చెప్తారు. "ఏవీ పోకుండా చెప్పు చూద్దాం" అంటే ఆలోచనలో పడతారు. ఒక పాప చెప్పింది: "నాకు తొమ్మిది మెట్లు ఎక్కాలి, నాలుగు ఎక్కాను, ఇంకా ఎన్ని?" ఇంకొకడు తన ఎత్తునీ తమ్ముడి ఎత్తునీ ఇటుకలతో కొలిచి కథ కట్టాడు. తీసివేత అంటే పోవడమొక్కటే కాదని వాళ్లే కనుక్కున్నారు. తోటి పిల్లలు తయారు చేసిన లెక్క చేయమంటే ఉత్సాహమే వేరు.

కొత్తటీచర్

జతల పద్ధతి మొదలుపెట్టానండీ. "జత దొరకనివి ఎన్ని?" అంటే క్లాసు దాదాపు అంతా చెప్పింది. "ఇంకా ఎన్ని కావాలి?"కి కూడా చాలామంది చెప్పారు. "ఎన్ని ఎక్కువ" అనగానే కొందరు మళ్లీ "8" అన్నారు, కానీ ఈసారి పక్కవాళ్లే "అవి కాదు, జత లేనివి!" అని సరిచేశారు. నేను నోరు తెరవాల్సిన పనే రాలేదు. సంతోషంగా ఉంది.

వెన్నెలమ్మ

మా పాప "కూడాలా, తీసెయ్యాలా" అని అడగడం ఇంకా పూర్తిగా మానలేదు. కానీ "ముందు కథ చెప్పు" అంటే చెప్తోంది, సగం సార్లు కథ చెబుతుండగానే "ఓ, తెలిసిపోయింది" అంటోంది. రంగు కాగితాలు అక్కర్లేదంటోంది, వేళ్లతో చేస్తోంది. జవాబు వచ్చాక దాన్ని కథలో పెట్టి మళ్లీ చదివిస్తున్నాను, "రాజు దగ్గర 5, అక్క 7 ఇచ్చింది, ఇప్పుడు 12" అని. సరిపోతే తనే టిక్ పెట్టుకుంటోంది.

ఇవాళ కొత్త రకం వచ్చింది. "బుట్టలో 8 బంతులు ఉన్నాయి. 5 వేశారు. తర్వాత 6 తీశారు. ఇప్పుడెన్ని?" అంకెలు మూడు చూసి మూడూ కూడేసింది. ఇది ఎలా మొదలుపెట్టాలి?

పలకాబలపం

మధ్యలో ఆపండి. "5 వేశారు" దగ్గర పుస్తకం మీద చేయి అడ్డంపెట్టి "ఇప్పుడు బుట్టలో ఎన్ని?" అని అడగండి. ఆ ప్రశ్న పుస్తకం అడగలేదు, అందుకే తను ఆగలేదు. 13 అని పక్కన రాయించి, చేయి తీసి మిగతాది చదివించండి. కొన్ని లెక్కలయ్యాక చేయి మీరు పెట్టకండి, ఎక్కడ ఆగాలో తననే చేయి పెట్టమనండి.

వెన్నెలమ్మ

చేశానండీ. 13 రాసింది, తర్వాత 7. తర్వాతి లెక్కలో చేయి తనే పెట్టింది, కాకపోతే ఒక వాక్యం ముందే. కథ మళ్లీ చెప్పించాను, చేయి కిందికి జరిపింది.